జాగకు నంబరు

మా సంస్థకు నిజామాబాద్‌లో హెడ్డాఫీసు, బోధన్, రెంజల్, వర్ని, కోటగిరి వైపు గోదాములు ఉన్నాయి. రైతు వడ్లో పసుపో తెచ్చి నిల్వ పెట్టుకుంటాడు, ఆ సరుకు తాకట్టు మీద అప్పు తీసుకుంటాడు. లారీ కాంటా ఎక్కినప్పటి నుంచి రైతు ఖాతాలో డబ్బు పడేదాకా నడిచేదంతా కంప్యూటర్ల మీదే. అవి ఎన్ని ఉన్నాయో, ఏది ఆగితే ఏ పని ఆగుతుందో రాసిపెట్టిన కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు. దాన్ని తయారుచేసే పని నాకూ, నా కింద పనిచేసే కుర్రాడికీ పడింది.

మా వృత్తిలో దీన్ని కాన్ఫిగరేషన్ డేటాబేస్ అంటారు. 1980ల చివర్లో బ్రిటన్ ప్రభుత్వం రాయించిన ఐటిల్ పుస్తకాల వల్ల ఇలాంటి పద్ధతులు లోకమంతా పాకాయి. యంత్రాల జాబితా ఒక్కటే రాస్తే అది సామాన్ల రిజిస్టరు. ఈ ప్రోగ్రాం ఏ సర్వర్ మీద ఉంది, ఆ సర్వర్ ఏ స్విచ్‌కు కట్టి ఉంది, ఆ స్విచ్ ఏ లైన్ మీద నడుస్తుంది అనేవి కూడా రాయాలి. పెద్ద కంపెనీల్లో ఇందుకు డిస్కవరీ టూల్స్ ఉంటాయి. నెట్‌వర్క్ మీదికి వదిలితే యంత్రాలను వెతికి వివరాలు తెస్తాయి.

లైసెన్సు ఖర్చు చూసి మావాళ్లు వద్దన్నారు. ఉచితంగా దొరికే ఎన్‌మ్యాప్ వాడదామంటే, గోదాముల లైన్లు అంతంతమాత్రం కాబట్టి కాంటా వేళల్లో స్కానింగ్ పెట్టొద్దన్నారు. కాంటా మూశాక యంత్రాలు ఆపేస్తారు. ఆపేసిన యంత్రం ఏ స్కానింగ్‌కూ పలకదు. అన్ని యంత్రాలకూ ఒకే లాగిన్ ఇచ్చే డొమైన్ లేదు, ఏ యంత్రం పాస్‌వర్డ్ దానిదే. చాలా పాస్‌వర్డులు ఉద్యోగం మానేసిన వాళ్లతోపాటే పోయాయి. ఇక మిగిలింది బస్సెక్కి పోవడమే.

పని మొదలయ్యేసరికి ఎండలు ముదిరాయి. నిజాంసాగర్ ఆయకట్టులో, ముఖ్యంగా వర్ని, కోటగిరి వైపు, యాసంగి వడ్లు ముందే కోతకొస్తాయి. పసుపు సీజనూ అప్పుడే. పగలు ఒక్క తీగ ముట్టనివ్వరు. రాత్రి షటర్ సగం దించుకుని మొదలుపెట్టేవాళ్లం. నేను గదిలో తీగ పీకితే, కుర్రాడు స్విచ్ దగ్గర నిలబడి ఏ లైటు ఆరిందో అరిచి చెప్పేవాడు. ఆ స్విచ్చులు ఐపీ అడ్రసు కూడా లేని చవక డబ్బాలు. సజ్జ మీద ఒకటి, బస్తాల వెనక ఒకటి దొరికేవి. రేకుల కప్పు అర్ధరాత్రికీ చల్లారేది కాదు. తుమ్మితే రుమాలు పచ్చబడేది. ఆఖరి బస్సు తప్పిపోతే బస్తాల పక్కనే పడుకున్నాం. ఒకసారి ఎండదెబ్బ తగిలి నేను మంచం పట్టాను. కుర్రాడు ఒక్కడే తీగ పీకి, తనే పరుగెత్తి వెళ్లి లైట్లు చూసుకున్నాడు.

యంత్రాలను గుర్తుపట్టడం ఇంకో తంటా. బ్రాండెడ్ కంప్యూటర్ అయితే బయోస్‌లో సీరియల్ నంబరు ఉంటుంది. మావి ఎక్కువ శాతం విడిభాగాలు తెచ్చి అసెంబుల్ చేయించినవి. నంబరు అడిగితే వరుసగా అన్నీ ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ అనే చూపించేవి. తయారీదారు నింపాల్సిన చోటు అలాగే వదిలేశారన్నమాట. పోనీ నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రసు రాసుకుందామంటే, పిడుగుపాటుకు కార్డు పోయిన చోటల్లా కొత్తది వేశారు, అడ్రసు మారిపోయింది. కాంటా కంప్యూటర్లయితే అసలు నెట్‌వర్క్‌లోనే లేవు. పాత విండోస్ ఎక్స్‌పీ, కాంటా డిస్‌ప్లే నుంచి వచ్చే సీరియల్ కేబుల్, రోజు లెక్క మోసే పెన్‌డ్రైవ్, అంతే. టూల్ కొన్నా వాటిని చూసేది కాదు. మా వ్యాపారం మొదలయ్యేది మాత్రం వాటి దగ్గరే.

బోధన్‌లో నేను కాగితాలు తీయగానే వచ్చిన మొదటి ప్రశ్న, “ఏంది సార్, అమ్ముతున్నరా?” నిజాం కాలంలో, 1937లో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ ఆ ఊళ్లో ఉంది. 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. మిషన్లు లెక్కబెట్టేవాణ్ని ఆ ఊరు ఎందుకు నమ్మాలి? కొందరు పాడైన యంత్రాలు దాచిపెట్టారు. కొందరు ఏమడిగినా “నాకెరుక లేదు” అన్నారు. ఉద్యోగాలు తీసేయడానికి కాదని నేనెంత చెప్పినా, నా మాటకు పూచీ ఎవరు?

దారి చూపింది అక్కడి గుమాస్తా. ఆయన ఆ ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసిన మనిషి. నా షీటు చాలాసేపు చూసి, “మిషన్‌కు నంబరేస్తున్నవ్, మంచిదే. మిషన్ రేపు ఇంకో జాగకు పోతది. జాగకు గూడ నంబరెయ్” అన్నాడు. ఫ్యాక్టరీలో మోటారు కాలితే రివైండింగ్‌కు పోతుంది, దాని బదులు ఇంకోటి వస్తుంది. మోటారు కూర్చునే దిమ్మె మాత్రం అక్కడే ఉంటుంది. అప్పటిదాకా ఒక గోదాము పూర్తిచేసి ఇంకోదానికి వెళ్లేలోపు మొదటిదాంట్లో యంత్రాలు అటూ ఇటూ మారిపోయేవి, రాసిందంతా మళ్లీ కొట్టేసుకునేవాళ్లం. ఆ తర్వాత కాంటా, రసీదు కౌంటర్, క్యాషియర్ బల్ల, ఒక్కో జాగకు ఒక నంబరిచ్చి, ఏది దేనిమీద ఆధారపడిందో జాగలకే రాశాం. అక్కడ ఏ డబ్బా ఉందన్నది వేరే గడి. డబ్బా మారితే ఆ గడి ఒక్కటే దిద్దాలి. ఆయన మా పక్కన కూర్చున్నాక మిగతావాళ్లూ నోరు విప్పారు.

నోరు విప్పడం వల్లనే ఒక గండం తప్పింది. హెడ్డాఫీసు ఇన్వర్టర్ గదిలో మానిటర్ లేని పాత కంప్యూటర్ ఒకటి ఉంది. ఎవరిదని అడిగితే ఎవరూ మాది అనలేదు, స్క్రాపు జాబితాకెక్కింది. ఆ వారమే రెంజల్‌లో ఒక గుమాస్తా మాటల్లో, “ఇన్వర్టర్ దిగితే రైతులకు తూకం మెసేజ్ పోదు సార్” అన్నాడు. వెనక్కొచ్చి చూస్తే, ఆ డబ్బా వెనక జీఎస్‌ఎం మోడెమ్, అందులో సిమ్. తూకం మెసేజ్‌లన్నీ అక్కడి నుంచే పోతున్నాయి. ఆ మెసేజ్ చూపిస్తేనే రైతుకు అప్పు కాగితం ముందుకు కదిలేది. ఆ రాత్రి స్క్రాపు జాబితా నుంచి దాన్ని కొట్టేసి, మా షీటులో కొత్తగా ఒక గడి పెట్టాం: ఈ సంగతి ఎవరు చెప్పారు, ఏ తేదీన.

రాసినది పాతబడకుండా చూడటం చివరి కష్టం. కొత్త ఫారాలు ఇస్తే ఎవరూ నింపలేదు. గోదాములో గేటు పాసు లేకుండా బస్తా కూడా కదలదు. కంప్యూటర్‌కూ అదే నియమం పెట్టించి, పాసు మీద పాత జాగ, కొత్త జాగ నంబర్లు రాయించాం. వాచ్‌మన్ ఆపడం మొదలుపెట్టాక మార్పులు మాకు తెలియసాగాయి.

తర్వాత మావాళ్లు ఒక టూల్ కొన్నారు. మెమరీ, డిస్కు, సాఫ్ట్‌వేర్ వెర్షన్లు అది మాకన్నా వేగంగా తెస్తుంది, ఆ గడులు సంతోషంగా దానికి వదిలేశాం. కాంటా కంప్యూటర్లు, ఐపీ లేని స్విచ్చులు, ఏ జాగ ఆగితే ఏ రసీదు ఆగుతుందన్న లెక్క ఇప్పటికీ మా చేతి రాతే. తెలియని గడులు ఖాళీగానే ఉంచాం. కోటగిరిలో ఒక తీగ గోడలోకి పోతుంది, ఎటు తేలుతుందో ఎవరికీ తెలియదు. సీజన్ మొదలయ్యేలోపు ఆ గోడ పగలగొట్టడానికి అనుమతి అడిగాం.