పెళ్ళినాడు మత్తు మందు

నిరుడు శ్రావణమాసంలో ఒక గురువారం, ఓ.పి. ముగిసే వేళకు భార్యాభర్తలిద్దరు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. ఆయన బట్టల కొట్లో గుమాస్తా. పెద్దమ్మాయికి పెళ్ళి కుదిరిందనీ, మూడు వారాల్లో ముహూర్తమనీ చెప్పి స్వీటు పెట్టె బల్లమీద పెట్టారు. పెట్టాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఆవిడే నోరు విప్పింది.

"అమ్మా, మా చిన్నది ఆ రెండు రోజులూ మగతగా పడుండేలా ఏదైనా ఇంజెక్షన్ రాసివ్వండి. మేడమీద గదిలో పడుకోబెడతాం. మా అమ్మ కాపలా ఉంటుంది."

ఆ చిన్నదాన్ని నేనెరుగుదును. 22 ఏళ్ళ పిల్ల. పుట్టగానే ఏడవలేదు, ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతింది. ఫిట్సుకు మాత్రలు వాడుతోంది. మాటలు తక్కువే కాని మనుషుల్ని మరిచిపోదు. ఆస్పత్రికి వచ్చినప్పుడల్లా నా స్టెతస్కోపు అడిగి తీసుకుని తన గుండె తానే వింటుంది.

మందు రాయనన్నాను. ఎందుకు రాయనన్నానో ముందు డాక్టరుగా చెబుతాను. ఇలా అడిగినవాళ్ళు వీళ్ళే మొదటివాళ్ళు కారు. అడగకుండానే మందుల షాపులో కొనేసేవాళ్ళూ ఉన్నారు. ఫిట్సు మాత్రల్లో చాలావాటికి మగత గుణం ముందే ఉంటుంది. దానిమీద మరో మత్తు పడితే ఊపిరి మందగిస్తుంది. నోట్లో ఊరిన ఉమ్మి, మింగని అన్నం మెతుకు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. వాళ్ళకు శ్వాసమార్గం ఇరుకు, దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. ఆస్పత్రిలో స్కానింగు కోసం మత్తు ఇచ్చినా పక్కనే ఒకరు నిలబడి నాడి, ఊపిరి చూస్తూ ఉంటారు. పెళ్ళి సందట్లో మేడమీద గదిలో ముసలమ్మ ఒక్కతే ఏం చూస్తుంది?

ఇవన్నీ వైద్యకారణాలు. నేను కాదన్నది వీటి కోసమే కాదు. నాకు నా తమ్ముడు గుర్తొచ్చాడు.

మా తమ్ముడు 1973లో పుట్టాడు. డౌన్ సిండ్రోమ్. మనిషి కణంలో ఉండవలసిన 46 క్రోమోజోములకు బదులు 47 ఉండడం వల్ల వచ్చే స్థితి ఇది. 21వది ఒకటి అదనంగా ఉంటుందని 1959లోనే ఫ్రాన్సులో లెజూన్ బృందం ప్రకటించింది. మా ఊళ్ళో మాత్రం గ్రహణం నాడు మా అమ్మ కూరలు తరిగిందన్నారు. ఆవిడ పోయేదాకా ఆ మాట నమ్ముతూనే ఉంది. నేను ఎం.బి.బి.ఎస్. చదివి వచ్చి చెప్పినా సరే, "మీ పుస్తకాల్లో అన్నీ రాస్తారా ఏమిటే" అనేది.

1994లో నా పెళ్ళి. పెళ్ళిచూపులనాడు తమ్ముణ్ణి పిన్నిగారి ఊరు పంపేశారు. పెళ్ళికీ అక్కడే ఉంచారు. నన్నెవరూ అడగలేదు, నేనూ వద్దనలేదు. పదహారు రోజుల పండగకి మావారు మా ఇంటికి వచ్చేసరికి వాడు తిరిగొచ్చేసి ఉన్నాడు. వీధి గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఈ అబ్బాయి ఎవరు?" అన్నారు మావారు. మా నాన్నగారు, జన్మలో అబద్ధమాడని మనిషి, "పక్కింటివాళ్ళ అబ్బాయి" అన్నారు. నేను కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళిపోయాను. పక్కింటి అబ్బాయి సాయంత్రం దాకా నన్ను "అక్కా, అక్కా" అని పిలుస్తూనే ఉన్నాడు.

మావారు రెండు రోజులు ఏమీ అనలేదు. మూడోరోజు, "ముందే చెబితే ఒప్పుకోననుకున్నారా?" అని అడిగారు. అవునన్నాను. కాసేపు ఆలోచించి, "ఏమో, ఒప్పుకునేవాణ్ణి కాదేమో" అన్నారు. ఆ నిజాయితీకి ఆయనంటే ఈనాటికీ నాకు గౌరవం. అమ్మ పోయినప్పటినుంచి మా తమ్ముడు మా దగ్గరే ఉంటున్నాడు. యాభై దాటాయి. కూరల సంచీ వాడే మోస్తాడు, గేటు వాడే తీస్తాడు. మావారితో క్రికెట్టు చూస్తాడు, ఎవరు గెలిచినా చప్పట్లు కొడతాడు.

ఇదంతా ఆ దంపతులకు చెప్పాను. ఆయన తల వంచుకుని, "పెళ్ళివారికి ఇంకా చెప్పలేదమ్మా" అన్నాడు. మత్తు మందు పిల్లకోసం కాదు, ఆ చెప్పని మాట కోసమన్నమాట. పెళ్ళయ్యాక ఎలాగూ తెలుస్తుంది. అప్పుడు ఆ మాట పడవలసింది పెద్దమ్మాయి. ఈలోగా వెళ్ళి చెప్పండి, వాళ్ళకు అనుమానాలుంటే నా దగ్గరికి పంపండి అన్నాను. "తప్పిపోతే?" అందావిడ. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తప్పిపోయిన సంబంధాలు నేను చూశాను.

పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. మునుపు మందబుద్ధి అనేవాళ్ళం, ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నాం. ఇది పిచ్చి కాదు. మానసిక జబ్బు ఎవరికైనా, ఏ వయసులోనైనా రావచ్చు, మందులతో తగ్గవచ్చు. మేధో వైకల్యం బాల్యంలోనే మొదలవుతుంది. నేర్చుకోవడం నెమ్మదిగా సాగుతుంది. దాన్ని మాయం చేసే టానిక్కు లేదు, ఉందనేవాళ్ళకు డబ్బు తగలెయ్యకండి. అయితే కారణాల్లో కొన్ని ఆపగలిగినవి ఉన్నాయి: ఇంటి పురుళ్ళు, పసికందుల్లో ముదిరిన పచ్చకామెర్లు, మెదడువాపు, పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం. ఈ చివరిదాన్ని బిడ్డ మడమనుంచి తీసిన రక్తపుచుక్కతో మొదటి రోజుల్లోనే కనిపెట్టి మాత్ర మొదలుపెడితే బుద్ధి దెబ్బతినకుండా చాలావరకు కాపాడవచ్చు. పురిటి ఆస్పత్రిలో ఆ పరీక్ష అడిగి చేయించండి.

ఇంకొకటి, నా తప్పు. 1998లో నేను దూరంగా ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో ఉన్నాను. తమ్ముడు అన్నం మానేశాడు, తన చెంప తానే కొట్టుకుంటున్నాడు, మొండితనం ఎక్కువైందని అమ్మ ఫోను చేసింది. చూడకుండానే నిద్రమాత్ర చెప్పాను. పదిరోజులు పోయాక ఇంటికి వెళ్ళి నోరు తెరిపించి చూస్తే వెనక దంతం కింద చీము. పదిరోజులూ వాడు చెంప చూపిస్తూనే ఉన్నాడు, చూసినవాళ్ళు లేరు. మాటలు రాని మనిషి ఉన్నట్టుండి కోపంగా మారినా, తిండి మానేసినా ముందు నొప్పి కోసం వెతకండి. పళ్ళు, చెవులు, మలబద్ధకం, ఆడపిల్లలకు నెలసరి కడుపునొప్పి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకు ఏడాదికోసారి థైరాయిడ్ చూడాలి. నలభై దాటాక వీళ్ళలో మతిమరుపు మామూలువాళ్ళకంటే ముందే రావచ్చు. దాన్నీ మొండితనమనుకోకండి.

నేర్పడం సంగతికొస్తే, మా తమ్ముణ్ణి వీధి బడి రెండో తరగతిలోనే వద్దంది. 1984లో సికింద్రాబాదులో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వచ్చింది. పేరు మారింది కాని మనోవికాస్ నగర్‌లోనే ఉంది. 1986లో నాన్నగారు వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళారు. చొక్కా తొడుక్కోవడం ఎలా నేర్పాలో వాళ్ళు అమ్మకు చూపించారు. పైనున్న గుండీలన్నీ మీరు పెట్టి, ఆఖరిది మాత్రం వాణ్ణి పెట్టనివ్వండి. అది వచ్చాక ఆఖరి రెండూ. అలా వెనకనుంచి ముందుకు. పని ప్రతిసారీ వాడి చేతిమీదుగానే పూర్తవుతుంది కనుక ఉత్సాహం చావదు. ఐదు గుండీలకు మా అమ్మకు నాలుగు నెలలు పట్టింది. ఈరోజుకీ వాడి చొక్కా వాడే తొడుక్కుంటాడు.

ఈనాటి తల్లిదండ్రులకు అంత దూరం తిరిగే పని లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళదాకా ఉచితవిద్య హక్కు. పక్కవీధి బడిలోనైనా సరే, ప్రత్యేక పాఠశాలలోనైనా సరే, ఎంచుకోవలసింది మీరు. దీనికి సదరం శిబిరంలో ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. ఆ శిబిరాల్లో నేనూ కూర్చుంటాను. శాతం ఎక్కువ పడాలని, "వీడికేం తెలీదండీ, వట్టి మొద్దు" అని పిల్లవాడి ముందే చెబుతారు. దయచేసి ఆ మాట వాణ్ణి బయట కూర్చోబెట్టి చెప్పండి. వాడికి తెలుస్తుంది.

చాలామందికి తెలియనిది మరొకటి: 18 నిండాక తల్లిదండ్రులు తమంతట తామే సంరక్షకులు కారు. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేసి సంరక్షక పత్రం తీసుకోవాలి. ఆ ట్రస్టువారిదే నిరామయ అనే ఆరోగ్యబీమా ఉంది, లక్ష రూపాయలదాకా. ఇక ప్రభుత్వోద్యోగులైతే, సొంతంగా సంపాదించుకోలేని బిడ్డకు మీ తర్వాత జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. కాని ఆ బిడ్డ పేరు మీ సర్వీసు కాగితాల్లో ఉండాలి కదా! ఇద్దరు పిల్లలున్నచోట ఒక్కరి పేరే రాసిన ఉద్యోగుల్ని నేను చూశాను. దాచడం అంతదాకా పోతుంది.

ఇక చుట్టాలకు, ఇరుగుపొరుగుకు. శుభలేఖ ఇస్తూ, "వాణ్ణి ఎవరి దగ్గరైనా వదిలి మీరు తప్పక రండి" అనకండి. ఆ ఎవరో ఒకరు ఎక్కడా ఉండరు. ఆ తల్లి పేరంటాలు మానేసి ఎన్నేళ్ళయిందో ఒకసారి లెక్క వేయండి.

పది రోజులయ్యాక ఓ.పి.లో చీటీ పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. ఆయనే పెళ్ళికొడుకు. సూటిగా అడిగాడు: "మా పిల్లలకు వస్తుందా మేడమ్?" ఆ అమ్మాయిది వంశపారంపర్యం కాదు, కాన్పులో జరిగిన దెబ్బ అని పాత కేసు షీటు తీసి చూపించాను. కొన్ని కుటుంబాల్లో నిజంగానే వంశంలో నడిచే రకాలున్నాయి. అలాంటి అనుమానముంటే జన్యుపరీక్షలు చేసేచోటికి పంపుతాం. మేనరికాల్లోనూ కొన్ని రకాలు ఎక్కువ. ఇదీ చెప్పాను. వాళ్ళది మేనరికం కాదు. తలూపి వెళ్ళిపోయాడు. ఏమనుకున్నాడో నాకు తెలియలేదు.

పెళ్ళి జరిగింది. మేమూ వెళ్ళాం, తమ్ముడితో సహా. రాత్రి మాత్ర వేళకు వెయ్యమనీ, నిద్ర చెడకుండా చూడమనీ, ముందే అన్నం పెట్టెయ్యమనీ, మేళానికి చెవుల్లో దూది పెట్టమనీ చెప్పి ఉన్నాను. నిద్ర లేకపోయినా, మాత్ర తప్పినా ఫిట్సు వస్తాయి. చిన్నమ్మాయి పట్టు పరికిణీ కట్టుకుని గుమ్మంలో పన్నీరు చల్లుతోంది. నచ్చినవాళ్ళమీద రెండుసార్లు. మా తమ్ముడి చొక్కా తడిసిపోయింది. మాంగల్యధారణ వేళకు గట్టిమేళం మోగితే దూది ఉన్నా చెవులు మూసుకుని కేక పెట్టింది. అమ్మమ్మ భోజనాలవైపు తీసుకెళ్ళింది. పెళ్ళివారి తరఫు ఒకావిడ ముఖం చిట్లించుకుని ఫొటోకు రానంది. మిగిలినవాళ్ళు నిలబడ్డారు.

తర్వాతి నెల మాత్రలకు వచ్చినప్పుడు ఆ తల్లి సంరక్షక పత్రం దరఖాస్తు తెచ్చింది. దానికి అంటించడానికి పెళ్ళి ఆల్బంలోంచి చిన్నమ్మాయి ముఖం గుండ్రంగా కత్తిరించింది. పిల్లకు వేరే ఫొటో ఎప్పుడూ తీయించలేదట. అది పనికిరాదు, స్టూడియోకి తీసుకెళ్ళమన్నాను.