గంటలో గోదారి

శంషాబాద్ విమానాశ్రయం. ఉదయం ఏడున్నర. రాజమండ్రి విమానం ఆలస్యమన్న ప్రకటన వినగానే ఓ పెద్దకొడుకు గడియారం చూసుకున్నాడు. అక్కడ మధురపూడిలో పొగమంచు. ఇక్కడ ఆయన గుండెల్లో గుబులు. ఆరోజు తండ్రి తద్దినం!

తద్దినానికి క్యాలెండర్లో తేదీతో పనిలేదు, పంచాంగంలో తిథే ముఖ్యం. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. ఇంచుమించు ఒంటిగంట దాటాక మూడున్నర వరకూ. పితృకార్యం ఆ వేళలోనే జరగాలంటారు పెద్దలు. మంచుకు ఆ లెక్క తెలియదుగా!

ఇంట్లో అప్పటికే పొయ్యి వెలిగింది. గారెలకు పప్పు రుబ్బుతున్నారు. అరటికాయ కూర, అల్లం పచ్చడి, నువ్వుల ఉండలు, పరమాన్నం... ఉల్లీ వెల్లుల్లీ గడప తొక్కవు. తమ్ముడు దర్భలూ విస్తరాకులూ సర్దుతూనే ఫోన్ చేశాడు. ‘కంగారుపడకు అన్నయ్యా. పన్నెండున్నరకి వస్తే చాలన్నారు శాస్త్రిగారు.’

తొమ్మిదిన్నరకు పిలుపొచ్చింది. ఏటీఆర్ 72... ఎనభైమంది కూడా పట్టని బుల్లి విమానం. వెనక తలుపులోంచి ఎక్కాలి. వరుసకు నాలుగే సీట్లు. రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి కాబట్టి కింద పొలాలూ చెరువులూ అడ్డులేకుండా కనిపిస్తాయి. ఎయిర్ హోస్టెస్ ఫలహారం ఇవ్వబోతే ఆయన వద్దన్నాడు. కర్త కదా, కార్యం అయ్యేదాకా ఉపవాసమే.

రాత్రంతా రైల్లో సాగే ప్రయాణం గంటలో అయిపోవచ్చింది. మంచు విడిన ఆకాశం కింద గోదారి! ఇసుక తిన్నెలు, లంకలు, కుడివైపు దూరంగా వంతెనలు. 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసి రిటైరైన హేవలాక్ వంతెన, పైన బస్సులూ కింద రైళ్లూ వెళ్లేలా 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన, విల్లుల్లాంటి ఆర్చి వంతెన. రైలు వంతెన ఎక్కగానే తండ్రి పిల్లల్ని నిద్రలేపేవాడు. చేతిలో తలో రూపాయి బిళ్ల పెట్టి గోదారమ్మకు వేయించేవాడు. రెండేళ్ల కిందట ఆయన అస్థికలు కలిపిందీ ఆ నీళ్లలోనే. విమానానికి కిటికీ తెరుచుకోదు. కొడుకు కూర్చున్నచోటే దణ్ణం పెట్టుకున్నాడు.

పన్నెండూ ఇరవైకి ఇల్లు చేరాడు. స్నానం చేసి పీట మీద కూర్చున్నాడు. కార్యం వేళకే జరిగింది. వంటిల్లు సర్దుకున్నాక తల్లి అడిగింది, ‘విమానం ఎన్నింటికిరా?’

అప్పటికే టికెట్ మార్చేశాడు.

‘రాత్రి గౌతమికి వెళ్తానమ్మా.’

ఆవిడ ఇంకేం అడగలేదు. బయల్దేరేముందు కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల చేతిలో పెట్టింది.

‘వంతెన మీద పడుకుండిపోకు.’