తరగతి దాటిన తెలుగు

బదిలీ ఉత్తర్వు అందుకోవడం, పెట్టె సర్దుకోవడం మాకు అలవాటైంది. ఇది మాకు అయిదో విద్యాలయం. నవోదయల్లో తొమ్మిదో తరగతి పిల్లల్లో 30 శాతం మంది వరకు హిందీ, హిందీయేతర ప్రాంతాల మధ్య ఒక ఏడాదిపాటు మారతారు. తెలుగు పిల్లలు వచ్చే హిందీ ప్రాంతపు విద్యాలయంలో తెలుగు మూడో భాష. అలా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల హిందీ పిల్లలకు అక్షరాలు దిద్దించే పని మాకు దక్కింది.

పీరియడ్ నలభై నిమిషాలు. గంట కొట్టాక మెస్‌లోనూ మైదానంలోనూ అంతా హిందీయే. అందుకని వారానికి రెండు సాయంత్రాలు కంప్యూటర్ గదిని అడిగి తీసుకున్నాం. 2017లో మొదలైన దీక్షా వేదికలో తెలుగు పాఠాలున్నాయి. భాషా సంగమ్‌లో 22 భాషల నిత్యవ్యవహార వాక్యాలున్నాయి. పిల్లలకు అవి చూపించి, మేము నోటుపుస్తకాలు దిద్దుకుంటూ కూర్చున్నాం.

నెల తిరిగేసరికి పిల్లలందరూ "పూర్తయింది సర్" అన్నారు. పొంగిపోయాం. మర్నాడు తరగతిలో ఏడో తరగతి పిల్లవాణ్ని "కళ్ళు" అనమంటే "కల్లు" అన్నాడు. అందరిముందూ కోప్పడ్డాం. వాడు తల వంచుకుని, "చూశాను సర్, వినపడలేదు" అన్నాడు హిందీలో.

ఆ సాయంత్రం వెళ్లి చూస్తే ఇరవై కంప్యూటర్లకు పనిచేసే హెడ్‌ఫోన్లు ఆరే. మిగతా పిల్లలు మాట వినపడని వీడియో చూసి, అయిపోగానే తర్వాతిది నొక్కుతున్నారు. నెల రోజుల్లో ఒక్కనాడైనా వాళ్ల పక్కన కూర్చుని ఉంటే తెలిసేది. తప్పు మాదే. వాడికి ఆ మాటే చెప్పాం.

అప్పటినుంచి పద్ధతి మార్చాం. ఒకే స్పీకరు, సాయంత్రానికి అయిదే వాక్యాలు. తొమ్మిదో తరగతి తెలుగు పిల్లల్నీ పిలిచాం. అందరం వాక్యం వింటాం. చిన్నవాళ్లు దాన్ని ప్రశ్నగా అడుగుతారు, పెద్దవాళ్లు బదులిస్తారు. సెలవులకు ముందు తల్లిదండ్రుల ఫోన్లలో పాఠాలు దింపి ఇచ్చాం. నెట్ లేని ఊళ్లోనూ వినవచ్చు. తిరిగి వచ్చాక ఎన్ని చూశారని అడగలేదు, ఏం విన్నారో చెప్పమన్నాం.

ఇంటిమీద బెంగతో సరిగా తినని తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడున్నాడు. ఒకరోజు మెస్‌లో ఆ ఏడో తరగతి పిల్లవాడు వాడి దగ్గరకు గ్లాసుతో వెళ్లి, "అన్నా, నీళ్ళు కావాలా?" అన్నాడు. నాలుక చక్కగా మడతపడింది. పెద్దవాడు నవ్వి గ్లాసు అందుకున్నాడు.

తెర మాట నేర్పగలదు. ఆ మాట అనడానికి ఎదుట ఒక మనిషిని చూపించడం మా పని. రేపు ఏ ఊరికి బదిలీ అయినా ముందు హెడ్‌ఫోన్లు లెక్కపెడతాం, తర్వాత పిల్లల పక్కన కూర్చుంటాం.