పాచికలు లేని కత్తియుద్ధం

పాచికల విషయమై మా వద్దకు ప్రశ్నలు అరుదుగా వస్తాయి. వచ్చినవి కూడా పందెంతో ముడిపడినవే గనుక సమాధానం చెప్పడానికి పెద్ద శ్రమ అవసరం ఉండదు. మద్రసా సెలవుల్లో మా తమ్ముడు తెచ్చిన ప్రశ్న అటువంటిది కాదు. ఆయనకు నిజామాబాద్‌లో ఇనుప సామాను దుకాణం ఉంది. పెద్ద కుమారుడు ఇంజనీరింగ్, చిన్నవాడు పదవ తరగతి. మరో ముగ్గురు మిత్రులతో కలిసి వారు మిద్దె మీది గదిలో ఒక ఆట ఆడుతున్నారు. అందులో పందెం లేదు, డబ్బు లేదు, చివరకు గెలిచేవాడు కూడా లేడు. కానీ ఇరవై ముఖాల పాచిక ఒకటి ఉంది. తమ్ముడు దానిని దుకాణం గల్లాపెట్టెలో వేసి తాళం పెట్టి వచ్చాడు. "భాయిజాన్, ఇది ఇంట్లో ఉండవచ్చునా, ఉండకూడదా? ఒక్క మాట చెప్పండి చాలు" అన్నాడు. చిన్నవాడు నాలుగు రోజులుగా తండ్రితో కలిసి దస్తర్‌ఖాన్ వద్ద కూర్చోవడం లేదన్న సంగతి వెళ్లబోతూ గుమ్మం దగ్గర చెప్పాడు. అసలు ప్రశ్న అదేనని మాకు అర్థమయింది.

ఈ ఆట ఎరుగని పాఠకుల కోసం రెండు మాటలు. అమెరికాకు చెందిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే పేరుతో దీనిని అచ్చు వేయించారు. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒకడు కథ నడిపేవాడు. మిగిలినవారు తలా ఒక పాత్ర. ఒకడు బాటసారి, ఒకడు వైద్యుడు, ఒకడు బిడారు కాపలాదారు. "నేను తలుపు తెరుస్తాను" అని ఒకడు అంటే, తలుపు వెనుక ఏమున్నదో కథ నడిపేవాడు చెబుతాడు. మన అమ్మమ్మలు, నానమ్మలు చెప్పిన కథలకు మనం మధ్యలో అడ్డు తగిలేవాళ్ళం కదా, ఆ అడ్డు తగలడానికి ఒక పద్ధతి ఏర్పరిచారన్న మాట. కత్తులు దూసినప్పుడు మాత్రం పాచిక మాట్లాడుతుంది. పడిన అంకెకు పాత్ర నేర్పును కలిపి, ఎదుటివాని కవచం విలువతో పోలుస్తారు. దానికి చేరితే వేటు తగిలినట్టు. ఇంకో పాచిక వేసి, అంత మేర ఎదుటివాని ప్రాణాంకెలలో నుంచి తీసివేస్తారు. అంకెలు సున్నా అయ్యేవరకు అతడు చెక్కుచెదరడు, సున్నా అయితే కూలిపోతాడు.

నర్ద్ అనబడే పాచికలాట విషయంలో ఫిఖ్హ్ పండితులలో అత్యధికులు పందెం లేకున్నా అనుమతించలేదు. చదరంగం దగ్గరకు వచ్చేసరికి అభిప్రాయాలు విడిపోయాయి. మన హనఫీ పండితులు దానిని కూడా మక్రూహ్ అన్నారు. షాఫియీ పండితులు పందెం లేకుండా, నమాజు వేళ తప్పకుండా ఉంటే కొంత సడలింపు చూపారు. వారు చెప్పిన కారణం ఆలోచించదగినది. చదరంగం బుద్ధి మీద, లెక్క మీద నడుస్తుంది. నర్ద్ చేతి నుంచి జారిన ఎముక ముక్క మీద నడుస్తుంది. ఈ తేడాను మేము ముప్పై ఏళ్ళుగా పాఠంలో చెబుతూ వస్తున్నాము. దానితో ఒక ఆటను తయారు చేయవలసి వస్తుందని ఏనాడూ తలచలేదు.

పాచిక ఇంట్లో వద్దు, కథ ఉండనివ్వండి అని చెప్పాము. తమ్ముడు తృప్తి పడ్డాడు. పెద్దవాడు మాత్రం మర్యాదగానే నిలదీశాడు. "పాచిక తీసేస్తే కత్తి ఎవరికి తగిలిందో ఎవరు తేలుస్తారు, బడే అబ్బా?" న్యాయమైన ప్రశ్న. వద్దు అని చెప్పడం సులువు. వద్దన్న చోట ఏమి పెట్టాలో కూడా చెప్పినప్పుడే ఆ మాట ఇంట్లో నిలుస్తుంది. ఆ రోజు నుంచి మూడు వారాలు, ఇషా తర్వాత ఒక గంట, మేము కూడా మిద్దె ఎక్కాము.

ముందుగా పిల్లల తలల్లోంచి సినిమా కత్తిని తీసివేయవలసి వచ్చింది. కత్తి అయిదారు కిలోలు ఉంటుందని వారి నమ్మకం. ఒంటి చేతి తల్వార్ బరువు సుమారు ఒక కిలో. పిడి చివర గుండ్రటి బిళ్ళ ఉంటుంది. అది మణికట్టును స్వేచ్ఛగా తిరగనివ్వదు. అందుచేత భుజం, మోచేయి కలిపి కొట్టి, వంపు తిరిగిన అలుగును లాగుతూ కోయవలసి ఉంటుంది. ఎదుటి వేటును ఆపేది ముఖ్యంగా ఢాలు. సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధశాలలో అద్దాల వెనుక ఉన్న తల్వార్ల పిడులు చూసినవారికి, అవి ఎంత చిన్నవో గుర్తుండే ఉంటుంది.

కత్తియుద్ధంలో ఎక్కువ సేపు కత్తి తగలదు. ఇది మేము కితాబుల్లో కంటే కర్రసాములో ముందు చూశాము. పీర్ల ఊరేగింపుల విషయంలో మా అభిప్రాయం వేరు, దాని చర్చ ఇక్కడ కాదు. కానీ ఆ ఊరేగింపుల ముందు ఇద్దరు పెద్దలు కర్రలు పట్టి నిలబడిన తీరు చూడదగినది. చాలాసేపు ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు. అడుగు కొలుస్తారు. ఊపిరి పట్టి చూస్తారు. కొట్టడం రెప్పపాటు పని. పాచిక ఆటలో ఆ తిరగడం లేదు, ఆ ఊపిరి లేదు. ఉన్నదల్లా చివరి రెప్పపాటే, అది కూడా పాచిక చేతిలో.

ఈ లోటు ఆ దేశపు ఆటగాళ్ళకూ తెలియనిది కాదు. 1975లోనే వచ్చిన 'ఆన్ గార్డ్' అనే ఆటలో ద్వంద్వయుద్ధం చేసేవారు తమ కదలికలను ముందుగా రహస్యంగా రాసిపెట్టి, తర్వాత పక్కపక్కన పెట్టి చూస్తారట. పెద్దవాడు ఈ సంగతి చెప్పగానే దారి దొరికింది.

మా పద్ధతి ఇదీ. దూరాలు మూడు: అందని దూరం, వేటు దూరం, పట్టు దూరం. ప్రతి ఆటగాడి చేతిలో చీటీలు ఉంటాయి: వేటు, పొడుపు, కాపు, ఎర, ముందడుగు, వెనుకడుగు, నిలకడ. ఇద్దరూ ఒక్కొక్కటి బోర్లా పెట్టి ఒకేసారి తిప్పుతారు. వేటును కాపు ఆపుతుంది. కాపును ఎర మోసగిస్తుంది. ఎర చూపుతున్నవాడు నేరుగా వచ్చిన వేటుకు దొరికిపోతాడు. పొడుపు వేటుకంటే ముందు చేరుతుంది, కానీ పట్టు దూరంలో పనికిరాదు.

"ఇది కూడా అదృష్టమే కదా, ఊహించి పెట్టడమే కదా" అన్నాడు చిన్నవాడు. తండ్రి మీది అలక వాని గొంతులో ఇంకా ఉంది, అయినా మాట సరైనది. అందుకే చింతగింజలు వచ్చాయి. ఒక్కొక్కరికి పన్నెండు. అవి దమ్ము. వేటుకు మూడు గింజలు, పొడుపుకు రెండు, మిగిలిన కదలికలకు ఒక్కొక్కటి ఖర్చు. నిలకడ చీటీ పెడితే రెండు తిరిగి వస్తాయి. గింజలు అందరి కళ్ళ ముందే ఉండాలి. రెండే గింజలు మిగిలినవాడు వేటు వేయలేడని ఎదుటివానికి తెలుసు, తెలుసునని వీనికీ తెలుసు. అప్పుడు అది ఊహ కాదు, మనిషిని చదవడం. చీల్చిన చింతగింజలు అష్టాచెమ్మాలో పాచికలైపోతాయని మా ఇంటి ఆడవారు నవ్వుతూ హెచ్చరించారు. మావి చీల్చని గింజలు, కేవలం లెక్క కోసం.

గాయం దగ్గర ఎక్కువ రోజులు పట్టింది. ప్రాణాంకెల పద్ధతిని మేము మొదటి నుంచీ ఒప్పుకోలేదు. ఏడుసార్లు కత్తి దిగినవాడు ఎనిమిదవదాని వరకు పరుగెత్తుతూ ఉంటే, పిల్లవానికి కత్తి అంటే అంకె అని తెలుస్తుంది, కత్తి అంటే కత్తి అని తెలియదు. మమ్లూకుల కాలపు ఫురూసియ్యా గ్రంథాలలో కత్తి అభ్యాసం గురించి చదివాము. మట్టి దిమ్మ మీద రోజూ వేట్లు వేయించేవారు. బలం కుదిరిన తర్వాత వేటు లోతును అదుపులో పెట్టుకోవడం నేర్పేవారు. ఎంత దిగాలో అంతే దిగాలి. దానిని మా ఆటలోకి తెచ్చాము. వేటు లేదా పొడుపు చీటీ పెట్టేవాడు దాని వెనుక 'పైగాటు' అనో 'లోతుగాటు' అనో ముందే రాయాలి. పైగాటు తిన్నవాడు ఆ పోరు ముగిసేవరకు మూడు గింజలు కోల్పోతాడు. లోతుగాటు తిన్నవాని పోరు అక్కడితో ముగుస్తుంది, పాత్ర బతకవచ్చు, బతకకపోవచ్చు. కానీ లోతుగాటుకు రెండు గింజలు అదనం. గురి తప్పితే మరుసటి వంతులో కాపు పెట్టే హక్కు ఉండదు. పిల్లలు మొదటి రాత్రి అన్నీ లోతుగాట్లే రాశారు. మూడవ రాత్రికి పైగాట్లు మొదలయ్యాయి.

కథకు స్థలం కావలసి వచ్చినప్పుడు దూరం పోలేదు. మా జిల్లాలోనే ఉన్న కోనసముద్రంలో ఒకప్పుడు కొలుముల్లో మూసల నుంచి తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు స్వయంగా వచ్చేవారు. కుతుబ్‌షాహీల కాలంలో ఆ ముద్దలను ఎడ్ల మీద మచిలీపట్నం రేవుకు చేరవేసే బిడారు అన్నది పిల్లల కథ. దారిలో దొంగలు, వాగులు, సుంకం వసూలు చేసేవారు. ఇనుప దుకాణదారుని పిల్లలకు ఇంతకంటే దగ్గరి కథ ఏముంటుంది?

ఇనుము మాట వినబడినందుకో, టీ తెచ్చే నెపంతోనో, రెండవ వారంలో తమ్ముడు కూడా మిద్దె ఎక్కాడు. కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడి చూశాడు. కాపలాదారు పాత్ర చిన్నవానిది. వాడు ఒక దొంగను మూలకు నెట్టాడు. దొంగ వద్ద ఒక్క గింజ కూడా లేదు. చిన్నవాడు లోతుగాటు రాసి చీటీ పెట్టబోతుండగా తమ్ముడు అడిగాడు: "వాడు కత్తి కింద పడేస్తే?"

ఎవరూ మాట్లాడలేదు.

"మీ చీటీల్లో దానికి చోటు లేదే. కొట్టడానికి ఉంది, ఆపడానికి ఉంది. చాలు అనడానికి లేదు."

ఎనిమిదవ చీటీ ఆ రాత్రి తయారయింది. దాని మీద 'అమాన్' అని రాశాము. ఇది బోర్లా పెట్టేది కాదు, వెల్లకిలా పెట్టాలి. పెట్టినవాడు ఆయుధం దించినట్టు. ఎదుటివాడు ఒప్పుకోవచ్చు, లేదా కొట్టవచ్చు. కొడితే తప్పకుండా తగులుతుంది, గింజ కూడా ఖర్చు కాదు. అయితే ఆ కొట్టినవాని చేతిలోని అమాన్ చీటీని తీసి చించివేస్తాము. ఆ పాత్ర ఉన్నంతకాలం అది తిరిగి రాదు. అమాన్ తీసుకుని, దమ్ము కూడగట్టుకుని, మళ్ళీ కత్తి ఎత్తినవానికి కూడా అదే వర్తిస్తుంది. ఈ రెండవ భాగం పెద్దవాడు చేర్చాడు. మోసాలు ముందే ఊహించడంలో వాడు దిట్ట. ఖరీదు ఎంత ఉండాలన్నది మాత్రం తమ్ముడే తేల్చాడు. బజారులో మాట తప్పినవానికి రెండవసారి అప్పు పుట్టదు, ఇక్కడా అంతే ఉండాలి అన్నాడు.

చిన్నవాడు ఆ దొంగను కొట్టాడు. తండ్రి చూస్తుండగానే. వాని చీటీ చించాము. తమ్ముడు ఏమీ అనలేదు. కప్పులు తీసుకుని దిగిపోయాడు. మరునాడు ఇద్దరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నారని మా మరదలు చెప్పింది. కారణం ఆమెకు తెలియదు, మేమూ అడగలేదు.

బిడారు ఇప్పుడు కృష్ణ తీరానికి చేరింది. మచిలీపట్నం ఇంకా నాలుగు మజిలీలు. పోయిన గురువారం రాత్రి తమ్ముడు సుంకరి పాత్ర తీసుకుని కూర్చున్నాడు. మాటా మాటా పెరిగి కాపలాదారుకూ సుంకరికీ కత్తులు లేచాయి. తమ్ముడు మెల్లగా ఆడాడు, గింజలు పొదుపు చేశాడు, దుకాణంలో ఎలా ఉంటాడో అలాగే. కాపలాదారు వద్ద గింజలు అయిపోయాయి. చేతిలో అమాన్ లేదు.

"చీటీ లేకపోతే నోటితో అడగవచ్చునా, బడే అబ్బా?" అన్నాడు చిన్నవాడు.

కుదరదు, చించింది చించినట్టే అని పెద్దవాడు. ఇచ్చేవానికి ఇష్టమైతే చీటీతో పనేమిటి అని మా తమ్ముడు, కత్తి చీటీ మీద నుంచి చేయి తీయకుండానే. నిబంధనల నోటుపుస్తకం మా చేతిలో ఉంది. ఆ పంక్తి ఖాళీగా ఉంచి, వచ్చే గురువారానికి వాయిదా వేశాము.