బాన్సువాడ ఎండలో పాత పీసీ

క్యాబినెట్ పక్క రేకు ఊడదీస్తే లోపలంతా వడ్ల నూగు. హీట్‌సింక్ రెక్కల సందులు పూడుకుపోయి, ఫ్యాన్ కింద బూడిదరంగు గుడ్డ పరిచినట్టుంది. “యాసంగి కోతలైనంక వచ్చే ప్రతి మిషన్ గిట్లనే ఉంటది సార్” అన్నాడు షాపు యజమాని. బాన్సువాడ చుట్టూ నిజాంసాగర్ ఆయకట్టు. మంజీరా మీద 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నీళ్లతో ఇక్కడ ఎటు చూసినా వరే. హార్వెస్టర్లు తిరిగే రోజుల్లో, రోడ్ల పక్కన వడ్లు ఆరబోసే రోజుల్లో ఆ నూగు గాల్లో తేలుతూ, ఎక్కడ ఫ్యాన్ తిరిగితే అక్కడికి చేరుతుంది.

పాత గేమింగ్ పీసీలు చిన్న ఊళ్లలో ఎవరి చేతుల్లో, ఎలా బతుకుతున్నాయో చూడాలని నిజామాబాద్ నుంచి బస్సెక్కి వచ్చాను. ఇది ఒక్క గది షాపు. యజమాని కొన్నేళ్లు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పనిచేసి, సొంత ఊరికి తిరిగొచ్చి దీన్ని పెట్టుకున్నాడు. ఎదురుగా కూర్చున్నది ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. అన్న వాడి వదిలేసిన పీసీ తెచ్చాడు: హెచ్61 బోర్డు, ఐ3-2100 ప్రాసెసర్, మధ్యలో ఎప్పుడో వేయించిన జీటీఎక్స్ 1050 టీఐ కార్డు. జీటీఏ 5 పొద్దున బాగానే నడుస్తుందట, మధ్యాహ్నమయ్యేసరికి ఆగి ఆగి నడుస్తుందట. ప్రాసెసర్ మార్చెయ్యమంటాడు.

“మారుద్దాం తమ్మీ. ముందుగాల్ల రోగం ఏందో చూడనియ్యి.”

నాకు ఈ మనిషి మీద గౌరవం కలిగింది ఇక్కడే. అమ్ముకోవాలనుకుంటే ఆ నిమిషంలోనే అమ్ముకోవచ్చు. బ్లోయర్ తీశాడు. ఫ్యాన్ రెక్కల్ని వేలితో కదలకుండా పట్టుకుని గాలి కొట్టాడు. వదిలేస్తే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది, మోటారులో పుట్టే కరెంటు బోర్డులోకి వెనక్కి పోవచ్చు. హీట్‌సింక్ ఊడదీస్తే కింద పేస్టు ఎండి పొడిపొడిగా రాలింది. లోహం చూడ్డానికి నున్నగా ఉన్నా కంటికి కనబడని గుంటలుంటాయి. వాటిలో గాలి చేరితే వేడి దాటదు. అల్యూమినియంతో పోలిస్తే గాలి వేల రెట్లు తక్కువగా వేడిని మోస్తుంది. ఆ గుంటలు నింపడమే పేస్టు పని. అందుకే కొంచెమే పెట్టాలి, ఎక్కువైతే అదే అడ్డం.

శుభ్రం చేసి, కొత్త పేస్టు వేసి, గేము పెట్టి చూశాడు. 95 డిగ్రీలు దాటుతున్న ప్రాసెసర్ వేడి 76 దగ్గర నిలబడింది. వేడి హద్దు మీరితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నపు నత్తనడకకు కారణం అదే. ఇప్పుడది పోయింది. అయినా ట్రాఫిక్ ఎక్కువున్న వీధుల్లోకి వెళ్తే గేము ఇంకా తడబడుతోంది, ప్రాసెసర్ వాడకం నూటికి నూరు చూపిస్తోంది. ఐ3లో ఉన్నవి రెండే కోర్లు. 2015లో పీసీకి వచ్చిన ఈ గేము కనీసంగా అడిగిందే నాలుగు కోర్ల ప్రాసెసర్‌ని. వేడి సంగతి వేరు, సత్తువ సంగతి వేరు. శుభ్రం చేశాకే ఆ రెండూ విడివిడిగా కనబడతాయి.

“గిప్పుడు మార్చొచ్చు” అంటూ సెకండ్ హ్యాండ్ ఐ7-3770 తీశాడు. 2012 నాటిది, నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. ఐ7-2600 కూడా ఇదే సాకెట్‌లో కూర్చుంటుంది కానీ అది 95 వాట్లు, ఇది 77. ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం మీద హీట్‌సింకే లేని ఈ చిన్న బోర్డుకి ఆ తేడా చిన్నది కాదు. ముందు పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చెయ్యాలి. పెన్‌డ్రైవ్ పెట్టి, యూపీఎస్ మీద నడిపించాడు. మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టే.

అది నడుస్తుండగా రెండో టేబుల్ మీద ఏఎండీ ప్రాసెసర్ ఒకటి చూపించాడు. ఏఎం4 రకం, అడుగున 1331 పిన్నులు. ఎవరో కూలర్‌ని నిట్టనిలువునా లాగితే పాత పేస్టుకి అంటుకుని సాకెట్‌లోంచి ఊడొచ్చింది, ఒక వరస వంగిపోయింది. కాసేపు నడిపి వేడెక్కించి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీస్తే ఈ కష్టం రాదు. భూతద్దం కింద ఒక్కో పిన్నూ నిలబెడుతున్నాడు. “ఏఎం4 బోర్డున్నోళ్లు అదృష్టవంతులు సార్. 2018ల కొన్నదాంట్ల గూడ బయోస్ మారిస్తే 5000 సిరీస్ రైజెన్ నడుస్తది.”

ఐ3తో వచ్చిన పొట్టి హీట్‌సింక్ ఈ ఐ7కి చాలదు. నాలుగు హీట్‌పైపుల టవర్ కూలర్ పెట్టాడు. ఆ రాగి గొట్టాల్లో కొద్దిగా నీరుంటుంది. వేడి తగిలినచోట ఆవిరై, పైన రెక్కల దగ్గర చల్లబడి, లోపలి గరుకు పొర గుండా తిరిగి కిందికొస్తుంది. పంపూ లేదు, మోటారూ లేదు. బిగించేముందు క్యాబినెట్ వెడల్పు టేపుతో కొలిచాడు. చాలా టవర్లు 150 మిల్లీమీటర్లు దాటుతాయి, పాత క్యాబినెట్ పక్క రేకు మూతపడదు. దీని బిగింపు రంధ్రాల కొలత ఇంటెల్ 1200 సాకెట్ దాకా ఒకటే కాబట్టి, రేపు బోర్డు మార్చినా కూలర్ పనికొస్తుంది.

కొత్త ప్రాసెసర్‌తో గేము నడిపి చూసి, బిల్లు వెనకాల రెండు అంకెలు రాశాడు: గది 39, ప్రాసెసర్ 71. ఇలాంటి ఏ కూలరైనా ప్రాసెసర్‌ని గది వేడికన్నా కిందికి దించలేదు. గది 25 డిగ్రీలున్నప్పుడు వచ్చిన లెక్క చూసి కొంటే, మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో ఆ లెక్కకి పద్నాలుగో పదిహేనో కలుపుకోవాలి. ఈ వేడికి తాళలేక కొందరు గదిలోని నీళ్ల ఎయిర్ కూలర్ గాలిని నేరుగా క్యాబినెట్‌కి తిప్పుతారట. ఆ తడికి దుమ్ము ముద్దకట్టి బోర్డుకి అంటుకుంటుంది, మెల్లగా తుప్పు పడుతుంది.

ఈ ఐ7 మార్పుకీ హద్దుంది. విండోస్ 11 ఈ ప్రాసెసర్‌ని ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఏవీఎక్స్2 అనే ప్రాసెసర్ ఆదేశాలు అడిగే కొత్త గేములు దీనిలో తెరుచుకోవు. అయినా జీటీఏ ఆడుకునే, సీ ప్రోగ్రాములు రాసుకునే పిల్లవాడికి కొత్త పీసీ కొనలేని ఇంట్లో ఇది సరైన ఖర్చేనని నా అభిప్రాయం.

“అన్నా, కార్డు గూడ పెద్దది ఏస్తవా?”

“ఈ ఎస్‌ఎంపీఎస్ మీద ఎయ్య తమ్మీ. నీ 1050 టీఐ 75 వాట్లే, స్లాట్ నుంచే సరిపోతది. క్యాబినెట్ ముట్టుకుంటే షాక్ కొడుతదన్నవు గద? పోయి ముందు ఇంట్ల ఎర్తింగ్ చేపియ్యి. ఎస్‌ఎంపీఎస్ దాని తర్వాత, కార్డు ఆ తర్వాత.”