మా పండు మాత్ర వేళ

పొద్దున ఏడింటికోసారి, రాత్రి ఏడింటికోసారి మా ఇంట్లో మాత్ర వేయాలి. అత్తయ్యకి కాదండీ, మా పిల్లి పండుకి. దానికి ఫిట్స్.

"పిల్లికి ఫిట్సేంటి?" అని నవ్వేవాళ్లే ఎక్కువ. మనుషులకి వచ్చినట్టే వస్తాయి. ఒళ్లు కొయ్యబారిపోతుంది, కాళ్లు కొట్టుకుంటాయి, నోట్లోంచి చొంగ కారుతుంది. రెండు నిమిషాల్లో తగ్గినా, చూసేవాళ్లకి ప్రాణం పోయినంత పనవుతుంది. తర్వాత కాసేపు మనల్నే గుర్తుపట్టదు.

మొదటిసారి అత్తయ్య తాళాలగుత్తి తెమ్మన్నారు. తెనాలిలో చూపిస్తే డాక్టరుగారు ముందడిగింది, "కుక్కలకి రాసే గోమారి మందేమైనా రాశారా?" అని. వాటిలో కొన్నిట్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లులకి విషమట, ఫిట్స్ తెప్పిస్తుందట. మేం ఏమీ రాయలేదు. ఆయన చెప్పినవి ఇవి: తాళాలు వద్దు, నీళ్లు పోయొద్దు, నోటి దగ్గర చెయ్యి పెట్టొద్దు. చుట్టూ ఉన్న స్టూళ్లు జరపండి, లైటు, టీవీ ఆపండి, టైము చూడండి, ఫోన్లో వీడియో తీయండి. 5 నిమిషాలు దాటినా, వెంటవెంటనే వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మాత్ర ఫినోబార్బిటాల్, మనుషులకి వాడేదే. మోతాదు మాత్రం దాని బరువుని బట్టి డాక్టరే చెప్పాలి. మొదట్లో తూలుతూ నడిచేది, ఊరికే ఆకలనేది. మధ్యమధ్య రక్తపరీక్ష చేయించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఉన్నట్టుండి మానేయకూడదు. మానేస్తే ఫిట్స్ ఇంకా గట్టిగా వస్తాయి.

అందుకే బాపట్లలో మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి పొద్దున మాత్ర వేసి రైలెక్కి, రాత్రి మాత్ర వేళకి వచ్చేశాను. "పిల్లి కోసం వెళ్లిపోయింది" అని వెనకాల అననే అన్నారు.

తర్వాత రేపల్లెలో అమ్మ జారిపడింది. నాలుగు రోజులు ఉండాలి. పండుని ఎప్పుడూ దగ్గరికి రానివ్వని అత్తయ్యే "నువ్వెళ్లమ్మా, నేను వేస్తాలే" అన్నారు. ఉడికించిన చేపముక్కలో పెట్టి వేశారట. మూడో రోజు రాత్రి ఫోన్: "ఇప్పుడే వచ్చిందమ్మాయ్. నిమిషంన్నర. లైటు తీసేశా, ముట్టుకోలేదు. క్యాలెండర్‌లో రాశా."

అమ్మ మంచం పక్కన కూర్చుని ఏడ్చేశాను.

ఫిట్స్ పూర్తిగా పోలేదు, తగ్గాయి. మీ ఇంట్లోనూ ఇలాంటి మూగజీవి ఉంటే తేదీ, టైము రాసిపెట్టుకోండి. డాక్టరుకి అదే ఆధారం. ఇంకొకరికి కూడా మాత్ర వేయడం నేర్పి ఉంచండి. మనకీ పుట్టింటికి వెళ్లాల్సిన రోజులొస్తాయి కదా.