గుప్పెడు గింజలు

కొన్ని వస్తువులు గ్రంథాల కంటె గాఢంగా పాఠాలు చెబుతాయి. నాకు అటువంటి పాఠం చెప్పినది ఒక మట్టి బాన. ప్రాచీన సాహిత్యాన్ని చదవడం, చదివించడం నా వృత్తి. దయ, దానం, త్యాగం అనే మాటలకు నిఘంటువులు చెప్పే అర్థాలన్నీ నాకు కంఠస్థమే. అయినా ఆ మాటలు చెవిని పడినప్పుడల్లా నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఏ ప్రబంధ నాయకుడో కాదు. నేను చదువుకున్న బడి వరండాలో, మూతికి గుడ్డ కట్టి ఉంచిన ఆ బానే.

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్తుంటే దారి పొడవునా అడవి క్రమంగా చిక్కబడుతుంది. టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు, నడుమ వెదురు పొదలు కనిపిస్తాయి. గోదావరి దాటిన తరువాత ఒక దారి దుమ్ముగూడెం, చర్లల వైపు, మరొక దారి కూనవరం, చింతూరుల వైపు సాగుతాయి. కూనవరం వద్ద శబరి నది గోదావరిలో కలుస్తుంది. ఈ నేల ఎన్నో సరిహద్దులను చూసింది. 1959 వరకు భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆపై ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో ఇక్కడి కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. పటంలో గీతలు మారినా గోదావరి వరద మాత్రం ఏ గీతనూ లెక్కచేయలేదు.

ఆ నది ఒడ్డున, అడవి అంచున ఉన్న ఒక ఊరిలో మా నాన్నగారు తపాలా ఉద్యోగి. ఊరికి ఎగువన ఒక మిట్ట మీద కాథలిక్ సిస్టర్లు నడిపే ఉన్నత పాఠశాల ఉండేది. ఇటలీలోని మిలాన్ కేంద్రంగా గల సంఘానికి చెందిన మిషనరీలు హైదరాబాదు, వరంగల్ ప్రాంతాలలో చాలాకాలం సేవ చేశారు. 1952లో వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ పాలనకు లోబడిన మతపరిధి ఏర్పడింది. దాని నుండి 1988లో ఖమ్మం మేత్రాసనం విడివడింది. ఇటువంటి బడులకు ఈ నేపథ్యం ఉంది. మా బడిలో ఉదయం ప్రార్థన జరిగేది. ఆవరణలో మరియమాత విగ్రహం ఉండేది. అయితే చదివే పిల్లలలో కాథలిక్కుల కంటె ఇతరులే ఎక్కువ. కోయ, లంబాడ పిల్లలు వసతి గృహంలో ఉండేవారు. నావంటి ఉద్యోగుల పిల్లలు, వర్తకుల పిల్లలు ఇళ్ళ నుండి వచ్చేవారు.

మా ప్రధానోపాధ్యాయిని కేరళ నుండి వచ్చిన సిస్టర్. ఆమె తెలుగులో మలయాళపు యాస వినిపించేది. నీతిబోధ తరగతి మా కాలపట్టికలో వారానికి ఒక్కటే. దానిలో ఆమె ఏమి చెప్పారో నాకిప్పుడు గుర్తు లేదు. కాని ఆమె చేసిన రెండు ఏర్పాట్లు మాత్రం మరచిపోలేను.

మొదటిది జట్లు. పదేసి మందిని ఒక జట్టుగా చేసేవారు. ప్రతి జట్టులో పెద్ద తరగతివారు, చిన్న తరగతివారు, హాస్టలు పిల్లలు, ఇళ్ళ నుండి వచ్చేవారు కలిసి ఉండవలసిందే. ఒక వారం నీళ్ళు తోడడం, మరొక వారం ఆవరణ ఊడవడం, ఇంకొక వారం భోజనాల వేళ వడ్డన. ఎవరికి ఏ పని నచ్చుతుందని ఎవరూ అడిగేవారు కారు.

రెండవది వరండాలోని బాన. ప్రతి శుక్రవారం పిల్లలందరూ ఇంటి నుండి ఒక గుప్పెడు బియ్యం తెచ్చి దానిలో వేయాలి. ఇంట్లో గింజలు లేనివారు ఆ బాన నుండే తీసుకొని వెళ్ళవచ్చు. బాన మూతికి కట్టిన గుడ్డకు చెయ్యి పట్టేంత చీలిక ఉండేది. అందరమూ చేతిలో గుడ్డసంచి పట్టుకొని వరుసగా వెళ్ళేవాళ్ళం. చెయ్యి లోపలికి వెళ్ళడం మాత్రమే కనబడేది. అది గింజలు వేసిందో, తీసిందో వెనుక నిలబడినవాడికి కూడా తెలిసేది కాదు. దానం గోప్యంగా ఉండాలన్నది మత్తయి సువార్త బోధ అని, అందుకే ఈ గుడ్డ కట్టామని సిస్టర్ ఒకసారి చెప్పారు. నాకది అప్పుడు ఒక ఆటలా మాత్రమే తోచింది.

మా జట్టులో నా ఈడు కోయ బాలుడు ఒకడు ఉండేవాడు. అతని ఊరు అడవిలో చాలా దూరాన ఉండేది. ఇంట్లో కోయ భాష మాట్లాడి బడిలో తెలుగు నేర్చుకున్నవాడు కాబట్టి మాటలను ఆచితూచి పలికేవాడు. నాకు చిన్ననాటి నుండి భాగవత పద్యాలు వచ్చు. ఆ గర్వంతో అతని ఉచ్చారణను అనుకరించి తోటివారిని నవ్వించేవాడిని. ఒక శుక్రవారం అతడు సెలవులకు వెళ్ళి వచ్చి, ఆకుపొట్లంలో తెచ్చిన సామలు, ఎండిన ఇప్పపువ్వు బానలో వేయబోవడం చూశాను. “ఒరేయ్, మంచి బియ్యమంతా పాడుచేస్తావా? ఇది అన్నానికా, పశువులకా?” అన్నాను. అందరూ నవ్వారు. అతడు తల వంచుకొని ఇప్పపువ్వును మాత్రం తిరిగి సంచిలో పెట్టుకున్నాడు. సామలు బానలో పడ్డాయి.

సిస్టర్ ఆ మాట విన్నారు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. “బాబూ, నా తెలుగు కూడా తప్పులే కదా. నన్ను చూసి ఎందుకు నవ్వవు?” అని మాత్రం అడిగారు. నేను బదులు చెప్పలేకపోయాను. ఆమె పెద్దవారు, చదువుకున్నవారు, అతడు అడవివాడు. నా మనసులో ఉన్న జవాబు ఇదే. అది పైకి చెప్పదగినది కాదని నాకు అప్పుడే తెలుసు.

నేను పదో తరగతిలో ఉండగా 1986 ఆగస్టు వచ్చింది. ఎగువన ఎడతెరిపి లేని వానలు. పదిహేనవ తేదీన బడిలో జెండా వందనం జరుగుతుండగానే ఏరు పొంగి దారి మునిగిందని కబురు తెలిసింది. మరునాడు భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. నేడు 43 అడుగుల వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక, 48 వద్ద రెండవది, 53 వద్ద మూడవది జారీచేస్తారు. దానినిబట్టి ఆనాటి ఉద్ధృతిని ఊహించవచ్చు. మా వీధిలో నీళ్ళు చూరును తాకాయి. నాన్నగారు ఒక ఇనుపపెట్టెను, మా అమ్మ చెల్లెలిని ఎత్తుకున్నారు. నడవలేని మా నాయనమ్మను వీపున వేసుకొని మిట్ట ఎక్కించినవాడు ఆ కోయ బాలుడే. ఆ రోజు అతడు నాతో ఒక్క మాట కూడా అనలేదు. అనడానికి వ్యవధి కూడా లేదు.

ఊరిలో సగం మంది బడికి చేరారు. ఒక్కొక్క తరగతి గదిలో మూడేసి కుటుంబాలు తలదాచుకున్నాయి. ఆ సమయంలో నన్ను ఆశ్చర్యపరచిన విషయం ఒకటి ఉంది. ఎవరూ మాకు కొత్తగా ఆజ్ఞలు ఇవ్వలేదు. నీళ్ళ జట్టు నీళ్ళకు వెళ్ళింది. వడ్డన జట్టు గంగాళాల దగ్గర నిలిచింది. ఊడ్చే జట్టు వరండాలను శుభ్రం చేసింది. ఐదేళ్ళుగా విసుక్కుంటూ చేసిన పనులు ఆ నాలుగు రోజులలో ఊరిని నిలబెట్టాయి. దయ అనేది ఆపద వచ్చినప్పుడు ఆకాశం నుండి దిగివచ్చే గుణం కాదు. ఆపద రాకముందే చేతులకు పట్టుబడి ఉండవలసిన అలవాటు. మూడవ నాడు అడవి దారి వెంట ఆ బాలుని ఊరివారు అడ్డాకు విస్తళ్ళ కట్టలు, వెదురు కొమ్ములు మోసుకొని వచ్చారు. మా అందరి భోజనాలు ఆ విస్తళ్ళలోనే జరిగాయి.

వరద తీసిన తరువాత ఇంటికి వెళ్ళి చూస్తే మోకాలిలోతు బురద. గాదెలోని ధాన్యం కుళ్ళిపోయింది. శుక్రవారం వచ్చింది. అమ్మ నా చేతికి ఖాళీ సంచి ఇచ్చి, “సిస్టరమ్మ బానలోంచి తెచ్చుకోమన్నారు కదా, తే నాన్నా” అన్నది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు.

వరుసలో నిలబడ్డాను. అంతవరకు వేయడానికే వెళ్ళిన నా చెయ్యి ఆనాడు తీయడానికి వెళ్తోంది. ఊరంతా నన్నే చూస్తున్నదనిపించింది. నిజానికి ఎవరూ చూడలేదు. చూసినా తెలిసే వీలు లేదు. గుడ్డ చాటున నేను పిడికిలి బిగించి గింజలు తీసి సంచిలో వేసుకున్నాను. ఇంటికి వెళ్ళి చేటలో పోస్తే తెల్లని బియ్యం నడుమ సన్నని సామలు కనిపించాయి. అమ్మ వాటిని ఏరివేయలేదు. ఆ రాత్రి మేమంతా తిన్నది ఆ అన్నమే. పశువుల మేత అని నేను వెక్కిరించిన గింజలు మా చెల్లెలి ఆకలిని తీర్చాయి.

మరునాడే అతనికి క్షమాపణ చెప్పాలనుకున్నాను. మరునాడు కుదరలేదు. తరువాత పరీక్షలు, దసరా సెలవులు. చెప్పవలసిన మాట రోజురోజుకూ బరువెక్కింది. సంక్రాంతికి ఇంటికి వెళ్ళిన అతడు తిరిగి రాలేదు. నేను ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడనయ్యాను.

తరువాతి కాలంలో నాన్నగారి ఇనుపపెట్టెలో మిగిలిన పోతన భాగవతమే నా పరిశోధనకు దారి చూపింది. వామన చరిత్రలో బలి చక్రవర్తి, సాక్షాత్తు విష్ణువు చెయ్యి కింద ఉండగా దానమిచ్చే తన చెయ్యి పైన ఉండటం ఎంతటి భాగ్యమో అని పొంగిపోతాడు. ఆ ఘట్టాన్ని తరగతిలో చెప్పేటప్పుడు ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది. కాని నాకు మరొక ఆలోచన కూడా కలుగుతుంది. కావ్యాలు ఇచ్చే చేతి ఔన్నత్యాన్ని వర్ణించాయి. కిందనున్న చెయ్యి దేవునిదైతే దానికీ గౌరవం దక్కింది. ఆ చెయ్యి మామూలు మనిషిదైతే? మా బడి బానలో పై చెయ్యి, కింది చెయ్యి అనే భేదం లేదు. అందరి చేతులూ ఒకే చీలికలోంచి ఒకే విధంగా లోపలికి వెళ్ళేవి. మన రాజ్యాంగ పీఠికలో సౌభ్రాతృత్వం అనే మాట ఉంది. మంచి సోదరుల మధ్య ఉండవలసిన భావమని దాని అర్థం. అన్నదమ్ములలో ఎవరూ నిత్యదాత కాదు, ఎవరూ నిత్య యాచకుడు కాదు. ఇవ్వడం తెలిసినవారు తీసుకోవడం కూడా నేర్చుకున్నప్పుడే పదిమంది ఒక సమాజం అవుతారు.

అధ్యాపకుడనైన తరువాత ఒకసారి వెతుక్కుంటూ ఆ బాలుని ఊరికి వెళ్ళాను. ఇల్లు ఉంది, అతడు లేడు. పని కోసం బస్తరు వైపు వెళ్ళాడన్నారు. నేను ఎవరినో చెప్పగా అతని తల్లి లోపలికి వెళ్ళి, సొరకాయ బుర్రలోని అంబలిని దొన్నెలో పోసి ఇచ్చింది. కొత్త పంటను ఊరంతా కలిసి పండుగ చేసుకోనిదే నోట పెట్టని సంప్రదాయం కోయలది. పంచుకోవడం ఆమెకు ఎవరూ బోధించిన నీతి కాదు. నేను ఇవ్వడానికి తీసుకువెళ్ళిన పండ్లు చేతిలోనే ఉన్నాయి. ముందుగా ఆమె ఇచ్చినది రెండు చేతులా పుచ్చుకున్నాను.

2022 జూలైలో గోదావరి మళ్ళీ ఉప్పొంగి, 16వ తేదీన భద్రాచలం వద్ద 71.3 అడుగులకు చేరింది. నా విద్యార్థులతో కలిసి ఒక పునరావాస కేంద్రానికి సహాయం చేయడానికి వెళ్ళాను. ఉత్సాహవంతుడైన ఒక విద్యార్థి, పొట్లం అందుకుంటున్న వృద్ధురాలిని ఫోనులో ఫొటో తీయబోయాడు. ఆమె కొంగుతో ముఖం కప్పుకున్నది. నేను అతనికి ఏమీ ఉపదేశించలేదు. ఆ రాత్రి అందరినీ కూర్చోబెట్టి మా బాన కథ చెప్పాను. మరునాడు ఫోనులు సంచులలో ఉండిపోయాయి. విద్యార్థులు కేంద్రంలోని స్త్రీలను వంటకు సాయం అడిగారు. ముఖం కప్పుకున్న ఆ వృద్ధురాలే కూర రుచి చూసి, ఉప్పు చాలలేదని మా పిల్లలను మందలించింది.

ఇప్పుడు మా కళాశాల గ్రంథాలయం మూలన ఒక పాత బీరువా ఉంది. దానిలో పాఠ్యపుస్తకాలు, నోటుపుస్తకాలు, కలాలు ఉంటాయి. తాళంచెవి పక్కనే మేకుకు వేలాడుతుంటుంది. ఎవరైనా పెట్టవచ్చు, ఎవరైనా తీసుకోవచ్చు. రిజిస్టరు లేదు. ఇలాగైతే దొంగతనం జరుగుతుందని కొందరు సహోద్యోగులు హెచ్చరించారు. అవసరానికి మించి తీసుకున్నవారు ఉంటే ఉండవచ్చు. బీరువా మాత్రం ఇంతవరకు ఖాళీ కాలేదు.

నా సహాధ్యాయి పేరు ఇక్కడ రాయలేదు. అతనిని అడగకుండా రాయడం న్యాయం కాదు. నేను చెప్పవలసిన క్షమాపణ ఇంకా నా దగ్గరే ఉంది. మీకు చెప్పేది ఒక్కటే: ఎవరికైనా అటువంటి మాట బాకీపడితే, సంక్రాంతి సెలవుల దాకా ఆగకండి.

ఒకసారి విద్యాసంవత్సరం చివర బీరువా సర్దుతుండగా పుస్తకాల నడుమ ఒక చిన్న కాగితపు పొట్లం కనిపించింది. విప్పి చూశాను. ఎండిన ఇప్పపువ్వు. ఎవరు పెట్టారో విచారించలేదు. పొట్లాన్ని మళ్ళీ మడిచి, అది ఉన్నచోటనే ఉంచి, తాళంచెవిని మేకుకు తగిలించాను.